కార్బొనేట్ మీటర్ తీస్కునేటోళ్లు ఓసారి చదవండి

మాది మిర్యాలగూడ. దామరచర్ల, వాడపల్లి దిక్కు పోతే ఏ సున్నపుబండ మీద రెండు చుక్కల ఆసిడ్ పోసినా బుసబుస పొంగుతది, కని అండ్ల కార్బొనేట్, అంటే ఆసిడ్ తగిలితే గట్ల పొంగే సున్నపు సరుకు, ఎంత శాతమని పిల్లలు అడిగితే నోటిలెక్క చెప్పలేం కదా, గందుకే కాలేజీ ల్యాబుకు గీ ప్రెజర్ గేజీ ఉన్నది తెప్పిచ్చినం.

పని చేస్తది, అబద్ధమెందుకు. మెత్తగ నూరిన పొడి అర గ్రాము డబ్బాల వేసి, ఆసిడ్ చిన్న కప్పుల పెట్టి, మూత బిగిచ్చి ఒంపుడే. కార్బొనేట్ ఎంతుంటే అంత కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ లేస్తది, గ్యాస్ ఎంత లేస్తే ముల్లు అంత లేస్తది. సముద్రం అడుగుల గొట్టం దింపి తీసిన పొడుగు మట్టి కడ్డీలల్ల, వాటినే కోర్లు అంటరు, కూడా గిట్లనే కొలుస్తరు, కాకపోతే ముందుగాల ఉప్పు కడిగి ఆరబెడ్తరు, లేకుంటే ఉప్పు బరువు కూడా తూకంల కలిసి శాతం తగ్గి కనిపిస్తది. పెద్ద ల్యాబులల్లయితే లేసిన గ్యాస్‌ల కార్బన్ ఎంతో కరెంటుతోని కొలిచే కూలోమీటర్ ఉంటది, అది చెప్పిన కార్బన్ శాతాన్ని 8.33తో గుణిస్తే కార్బొనేట్ వస్తది. 1947-48ల స్వీడన్ వాళ్ల ఆల్బట్రాస్ ఓడ తెచ్చిన పసిఫిక్ కోర్లల్ల కార్బొనేట్ ఎక్కుడు దిగుడు చూసే సముద్ర శాస్త్రవేత్త గుస్టాఫ్ అర్హీనియస్ 1952ల దాన్ని మంచుయుగాలతోని ముడిపెట్టిండు. గీ ముచ్చట చెప్పి డబ్బా చేతికిస్తే పిల్లలు మస్తు ఉషారుగ చేస్తున్రు.

ఇగ తిప్పలు. కంపెనీ ఇచ్చిన రబ్బరు వాషర్ ఉత్తదే, కొన్ని దినాలకే ఆసిడ్‌కు బిర్రబిగుసుకపోయి గ్యాస్ కారుడు షురువైంది, ముల్లు పైకి పోయి మెల్లగ కిందికి జారుతుంటే అది రాయి గుణమా లీకా అని తెల్వది. మూత చుట్టు సబ్బునీళ్లు రాస్తే బుగ్గలు లేసినయి, అప్పుడు సమజైంది. ఎండకాలం ఇంకో పంచాయితీ, మూడు డిగ్రీలు వేడి పెరిగితే ప్రెజర్ దగ్గర దగ్గర ఒక్క శాతం పెరుగుతది, మా నల్లగొండ ఎండల సంగతి తెల్సిందే, పొద్దున స్టాండర్డ్‌తోని, అంటే కార్బొనేట్ ఎంతో ముందే తెలిసిన పొడితోని, తీసిన కొలతతోని మధ్యాహ్నం లెక్కగడ్తే తప్పే. ప్యూర్ క్యాల్షియం కార్బొనేట్‌తోని పూటపూటకు సరిచూసుకోవాలె, ఆసిడ్ కూడా ప్రతిసారి అంతే కొలత పోయాలె, ఎందుకంటే కొంత గ్యాస్ అండ్లనే కరుగుతది. గివన్నీ మాన్యువల్ల ఒక్క ముక్క లేవు.

డోలమైట్, అంటే మెగ్నీషియం కూడా కలిసిన కార్బొనేట్, ఉన్న రాయి అయితే తొందరపడొద్దు, అది నిమ్మళంగ కరుగుతది, ముల్లు ఆగేదాక ఆగాలె. బాగ లోతు సముద్రపు ఎర్రమట్టి లెక్క కార్బొనేట్ అసలే లేని సరుకుకు ఇది దండగ, ముల్లు కదలనే కదలదు.

ఐదుకు మూడున్నర స్టార్లు. ఆర్డర్ పెట్టేటప్పుడే వాషర్లు నాలుగు ఎక్కువ అడగండి, తర్వాత అడిగితే ఫోన్ ఎత్తరు.