చైనా తీర్పులు ఉచితంగా చదవడం: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

స్టాన్‌ఫర్డ్ లా స్కూల్ 2011లో మొదలుపెట్టిన చైనా గైడింగ్ కేసెస్ ప్రాజెక్టు ఇంగ్లీషు అనువాదాలను కొన్నేళ్లుగా వాడుతున్నాను. గైడింగ్ కేసులంటే కింది కోర్టులు పరిగణించాలని చైనా అత్యున్నత న్యాయస్థానమైన సుప్రీం పీపుల్స్ కోర్టు ఎంచి, నంబరు వేసి ప్రకటించే కేసులు. నా పరిశోధన రోడ్డు ప్రమాదాల పరిహారం మీద. చైనీస్ చదవడం రాదు. సైటు ఎలా ఉంటుందో, ఎలా వెతకాలో ఇక్కడ చెప్పను. నాకు అన్నిటికంటే నచ్చింది ఒక్కటే. కోర్టు ఆ తీర్పు ఎందుకిచ్చిందో చెప్పే భాగం లాగిన్ అడగకుండా, పైసా ఖర్చు లేకుండా మొత్తం చేతికొస్తుంది. డబ్బు కట్టే డేటాబేసుల్లో చైనా కేసంటే చాలాసార్లు నాలుగు లైన్ల సారాంశమే దొరికేది. దాన్ని పట్టుకుని థీసిస్‌లో ఏం రాస్తాం?

24వ నంబరు గైడింగ్ కేసు చదివిన రోజు నాకింకా గుర్తుంది. 2012 ఫిబ్రవరిలో వూషీ నగరంలో జీబ్రా క్రాసింగ్ మీద నడుస్తున్న ఓ వృద్ధురాలిని కారు గుద్దింది. తప్పంతా డ్రైవర్‌దేనని ట్రాఫిక్ పోలీసులు తేల్చారు. ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగింది, ఎడమ కాలికి కూడా దెబ్బ తగిలింది. పేచీ నిపుణుల రిపోర్టుతో మొదలైంది. నష్టంలో ప్రమాదం వాటా 75 శాతం, ఆమె శరీర పరిస్థితి వాటా 25 శాతం అని అందులో ఉంది. జిల్లా కోర్టు దాన్నే పట్టుకుని, 27,658.05 యువాన్లు రావాల్సిన వైకల్య పరిహారాన్ని 20,743.54కు తగ్గించింది.

పై కోర్టు ఒప్పుకోలేదు. వయసు మీదపడి ఎముకలు గుల్లబారడం ఆమె తప్పెలా అవుతుంది? నష్టం ఎక్కువ కావడానికి అదొక కారణం అయి ఉండొచ్చు గానీ, చట్టం చెప్పే తప్పు మాత్రం కాదు. క్రాసింగ్ మీద మామూలుగా నడుస్తున్న మనిషి కారొచ్చి గుద్దుతుందని ఊహించలేదు. వేగం తగ్గించి దారి ఇవ్వాల్సింది డ్రైవరే. కోర్టు ఇలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోయి, కోసేసిన సొమ్మును తిరిగి కలిపింది. ఈ కేసును 2014 జనవరిలో సుప్రీం పీపుల్స్ కోర్టు గైడింగ్ కేసుగా ప్రకటించింది. మన క్లెయిమ్స్ ట్రైబ్యునళ్లలోనూ శాతాల మీద వాదన నడుస్తుంది. కానీ అది ఎక్కువగా సంపాదించే శక్తి ఎంత తగ్గిందన్న లెక్క. ఆ శాతం వేరు, ఈ శాతం వేరు. కారణాల భాగం మొత్తం చదవకపోతే ఈ తేడా నాకు పట్టుబడేది కాదు. ఆ ఒక్క కేసుతో నా అధ్యాయం దిశే మారిపోయింది.

అయితే మనం చదివేది ఆ కోర్టు రాసిన తీర్పు ఉన్నదున్నట్టుగా కాదు. సుప్రీం పీపుల్స్ కోర్టు ఒక మూసలో సర్ది ప్రకటించిన పాఠం. కీలకపదాలు, తీర్పు సారం, చట్టం, వాస్తవాలు, ఫలితం, కారణాలు, ఎప్పుడూ ఇదే వరస. లాయర్లు ఎలా వాదించారన్నది చాలావరకు జారిపోతుంది. అసలు తీర్పుల కోసం చైనా కోర్టుల అధికారిక తీర్పుల సైటుకు వెళ్లాలంటే 2020 నుంచి ఫోన్ నంబరుతో రిజిస్టర్ కావాలి. వెళ్లినా ఉండేది చైనీసే. 2024లో ప్రజలకు తెరిచిన పీపుల్స్ కోర్ట్ కేస్ డేటాబేస్ సంగతీ ఇంచుమించు అంతే.

ఇంకో జాగ్రత్త. 9, 20 నంబర్ల గైడింగ్ కేసులను 2021 జనవరి 1 నుంచి అనుసరించనక్కర్లేదని సుప్రీం పీపుల్స్ కోర్టే చెప్పింది. అనువాదం మీద ఎడిషన్ తేదీ ఉంటుంది కాబట్టి ముందు అది చూసుకుని, ఆ తర్వాత ఏమైనా మారిందేమో కనుక్కుని వాడాలి. పైగా ఇవి మన సుప్రీంకోర్టు తీర్పుల్లాంటివి కావు. కింది కోర్టులు వీటిని పరిగణించాలి, కారణాల్లో ఉదహరించవచ్చు, కానీ వీటినే చట్టపరమైన ఆధారంగా చూపకూడదు.

నాలాగా ఒక చిన్న అంశం తీసుకుని రెండు దేశాల కోర్టుల ఆలోచనను పోల్చేవాళ్లకు ఈ అనువాదాలు వాడమని ధైర్యంగా చెప్తాను. చైనాలో కేసులు మామూలుగా ఎటు తేలుతున్నాయో లెక్కలతో చూపాలనుకునేవాళ్లకు మాత్రం చెప్పను. వాళ్లకు చైనీస్ చదివే తోడు కావాల్సిందే. నాకింకా ఆ అవసరం రాలేదు, బహుశా వచ్చే అధ్యాయంలో వస్తుంది.