హారానికి ఏ కోడ్ మేలు: స్నోమెడా, ఐసీడీనా?

ఎలక్ట్రానిక్ నాణ్యతా కొలమానాల (రోగుల కంప్యూటర్ రికార్డుల నుంచి లెక్కగట్టే వైద్య నాణ్యతా శాతాల) పనిలోకి కొత్తగా వచ్చినవారు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. హారంలోకి, అంటే ఆ శాతంలోని కింది అంకెలోకి, రావలసిన రోగులను ఎంచే వాల్యూ సెట్‌ను (కోడ్ల జాబితాను) వైద్య పదకోశమైన స్నోమెడ్ సీటీతో కట్టాలా, బిల్లులకు వాడే జబ్బుల వర్గీకరణ అయిన ఐసీడీ-10-సీఎంతో కట్టాలా? ఇన్నాళ్లూ ఎవరికి వారికి విడిగా జవాబు చెబుతూ వచ్చాను. ఈ మధ్య మధుమేహ కొలమానం ఒకదానికి వాల్యూ సెట్‌ను మొదటి నుంచీ తిరగరాయవలసి వచ్చి, నేనే ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసిన పరిస్థితి ఏర్పడింది కనుక, నా లెక్క ఏమిటో ఇక్కడ రాసిపెడుతున్నాను.

ముందుగా ఐసీడీకి దక్కవలసిన మాట దానికి దక్కాలి. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి వాడుకలో ఉన్న ఐసీడీ-10-సీఎం కోడ్ లేకుండా బిల్లు కదలదు కాబట్టి, ప్రతి సందర్శనకూ కనీసం ఒక కోడ్ ఖాయంగా దొరుకుతుంది. డేటా నిండుగా ఉండడం అనే ఒక్క కొలబద్దతో చూస్తే దీనికి పోటీ లేదు. స్నోమెడ్ సంగతి అలా కాదు. 2002లో అమెరికా పాథాలజిస్టుల కాలేజీ వారి పదావళినీ, బ్రిటన్ ఆరోగ్య సేవ వారి క్లినికల్ పదాలనూ కలిపి రూపొందించిన ఈ పదకోశంలో మూడున్నర లక్షలకు పైగా భావనలు ఉన్నాయి, కానీ రోగి ప్రాబ్లమ్ లిస్టులో (రికార్డులోని జబ్బుల జాబితాలో) డాక్టరు వాటిని నమోదు చేస్తేనే అవి మనకు అందుతాయి. ఆ లిస్టును ఎవరూ పట్టించుకోని చోట ఎంత గొప్ప పదకోశమైనా ఖాళీ గిన్నెతో సమానం.

ఇంతవరకు అందరికీ తెలిసిన వాదనే. నా దృష్టిలో తేల్చవలసిన అసలు విషయం వేరే ఉంది: ఒక కోడ్‌కు ఎప్పుడు చూసినా, ఎక్కడ చూసినా ఒకే అర్థం ఉంటుందా? నాణ్యతా కొలమానం అన్నది నిరుటి శాతాన్ని ఈ ఏటి శాతంతోనూ, ఒక ఆసుపత్రి శాతాన్ని మరొక ఆసుపత్రి శాతంతోనూ పోల్చడానికే పుట్టింది. మధ్యలో కోడ్ అర్థం పక్కకు జరిగిపోతే వైద్యం ఏమీ మారకుండానే అంకె మారుతుంది, ఆ మార్పుకు ఎవరో ఒకరు సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది.

ఐసీడీలో ఈ జరుగుడు రెండు రకాలుగా వస్తుంది. మొదటిది కాలంతో వచ్చేది. ఐ21.4 అనే కోడ్ ఈసీజీలో ఎస్టీ భాగం పెరగని గుండెపోటుకు చెందినది. రక్తనాళంలో గడ్డ కట్టడం వల్ల కాక, తీవ్ర రక్తహీనత వల్లనో విపరీతమైన గుండె వేగం వల్లనో గుండె కండరానికి ఆక్సిజన్ చాలకపోవడంతో వచ్చే రెండో రకం గుండెపోటుకు 2017 అక్టోబరు వరకు విడి కోడ్ లేదు. ఆ కేసులు ఐ21.4లోనే పడేవి. ఆ నెలలో ఐ21.ఏ1 వచ్చాక అవి అక్కడికి తరలిపోయాయి. ఐ21.4 అన్న కోడ్ మాత్రం అదే పేరుతో, అదే స్థానంలో ఉండిపోయింది. గడ్డ కట్టిన రోగులకు ఇవ్వవలసిన మందుల మీద కట్టిన కొలమానం హారంలో ఆ కోడ్ ఉందనుకోండి, ఆ మందులు అంతగా అవసరం లేని రోగులు ఒక అక్టోబరు ఉదయం హారంలోంచి జారిపోయి శాతం దానంతట అదే మెరుగుపడుతుంది. వర్గీకరణ అన్నాక ప్రతి కేసుకూ ఒక గడి ఉండి తీరాలి. కొత్త గడి పుట్టినప్పుడల్లా పాత గడి కుదించుకుపోతుంది. ‘ఇతర’, ‘నిర్దిష్టం కాని’ అనే గడులకైతే సొంత అర్థమే ఉండదు, పక్క గడులు ఏవి ఉన్నాయో చూసుకుని అర్థం చెప్పుకోవాలి. పదకోశాలకు ఉండవలసిన లక్షణాల గురించి 1998లో వైద్య సమాచార శాస్త్రవేత్త జేమ్స్ సిమినో రాసినప్పుడు ‘మరెక్కడా చేరనివి’ అనే పదాలను పూర్తిగా వదిలేయాలని చెప్పింది ఇందుకే.

రెండో జరుగుడు చోటును బట్టి వచ్చేది, నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కూడా ఇదే. అమెరికా కోడింగ్ నియమాల ప్రకారం ఔట్‌పేషెంట్ సందర్శనలో ‘అనుమానం’, ‘బహుశా’ అని రాసిన జబ్బును కోడ్ చేయకూడదు. లక్షణాలనే కోడ్ చేయాలి. ఆసుపత్రిలో చేరిన రోగి విషయంలో మాత్రం, డిశ్చార్జి నాటికి కూడా అనుమానంగానే మిగిలిపోయిన జబ్బును ఉన్నట్టుగానే కోడ్ చేయమని అవే నియమాలు చెబుతాయి. అంటే ఒకే కోడ్ ఒక చోట తేలిన జబ్బు, మరొక చోట తేలని జబ్బు. బిల్లు లెక్కకు ఇది సరిపోతుంది, ఎందుకంటే అనుమానాన్ని నివృత్తి చేసుకోవడానికి అయిన ఖర్చు కూడా ఖర్చే. హారం లెక్కకు ఇది సరిపోదు.

స్నోమెడ్‌లో భావన సంఖ్య ఒకసారి ఇచ్చాక దాని అర్థాన్ని మార్చరు, ఆ సంఖ్యను మరొక దానికి ఇవ్వరు. తప్పు అని తేలినా, అస్పష్టం అని తేలినా భావనను నిష్క్రియం చేసి, దాని బదులు ఏది వాడాలో తెలిపే లింకు జోడిస్తారు. పైగా ఒక భావనకు ఒకరి కంటే ఎక్కువ తల్లులు ఉండవచ్చు. బ్యాక్టీరియా న్యుమోనియా ఇటు అంటువ్యాధుల కిందా, అటు ఊపిరితిత్తుల జబ్బుల కిందా ఏకకాలంలో ఉంటుంది. ఐసీడీలో దాన్ని ఏదో ఒక అధ్యాయంలోనే పెట్టాలి.

అయితే స్నోమెడ్ వైపు మొగ్గినవారికి దాని సొంత గోతులు ఉన్నాయి, వాటిలో ఒకదానిలో నేనే పడ్డాను. వాల్యూ సెట్‌ను ‘మధుమేహం, దాని కింది భావనలన్నీ’ అని ఒక్క వాక్యంలో నిర్వచించి చాలా సంతోషించాను. పరీక్షించి చూస్తే హారం అనుకున్నదానికంటే పెద్దదిగా వచ్చింది. కారణం వెతికితే గర్భధారణలో వచ్చే మధుమేహం కూడా ఆ భావనల చెట్టు కిందే ఉంది. అర్థాన్ని బట్టి చూస్తే అది మధుమేహమే కనుక చెట్టు తప్పేమీ లేదు. కాన్పు తర్వాత చాలామందికి పోయే స్థితిని దీర్ఘకాలిక వ్యాధి కొలమానంలోకి రానివ్వడం నా తప్పు. దాన్ని మినహాయించే షరతు ఒకటి జోడిస్తే సమస్య తీరింది. ఐసీడీతో కట్టినవారికి సరిగ్గా దీనికి తలకిందులైన ప్రమాదం ఉంది. గర్భధారణకు సంబంధించిన మధుమేహాలన్నీ ఓ24 కింద, వేరే అధ్యాయంలో ఉంటాయి కాబట్టి, ఈ10 (టైప్ 1), ఈ11 (టైప్ 2) మాత్రమే తీసుకున్నవారికి ముందునుంచీ టైప్ 2 ఉన్న గర్భిణి ఓ24.1 కోడ్‌తో వస్తే తప్పిపోవచ్చు. మొత్తం ఓ24ను తీసుకుంటే ఓ24.4తో గర్భధారణ మధుమేహమూ వెంట వస్తుంది.

మరొక గొయ్యి ఇంకా లోతైనది. నిష్క్రియమైన భావనలకు చెట్టులో స్థానం ఉండదు. అందువల్ల ‘కింది భావనలన్నీ’ అని అడిగితే అవి జాబితాలోకి రావు, కానీ మూడేళ్ల నాటి రికార్డుల్లో అవే ఉంటాయి. వెనక్కి చూసే కాలం ఎక్కువగా ఉన్న కొలమానాల్లో పాత భావనలను విడిగా చేర్చుకోకపోతే పాత రోగులు నిశ్శబ్దంగా మాయమవుతారు. అర్థం మారకపోవడం అనే సుగుణానికి ఇది మనం చెల్లించే వెల. అయినా ఈ వెల కంటికి కనిపిస్తుంది, రెండు విడుదలల జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే దొరుకుతుంది. ఐ21.4లో జరిగినది అలా జాబితా పోల్చితే దొరకదు, ఎందుకంటే ఆ కోడ్ రెండు జాబితాల్లోనూ ఉంది.

రెండూ పెట్టుకుంటే పోదా అని అడుగుతారు. చాలా అధికారిక వాల్యూ సెట్లలో ఇప్పటికీ రెండూ ఉన్నాయి. ఈ కొలమానాలకు పదకోశాలను నిర్ణయించిన తొలినాళ్లలో స్నోమెడ్‌ను ప్రధానంగానూ, ఐసీడీని పరివర్తన కాలానికిగానూ అనుకున్నారు. ఆ పరివర్తన ఇంకా ముగియలేదు. ప్రాబ్లమ్ లిస్టు బలహీనంగా ఉన్న చోట రెండూ పెట్టడం తప్పనిసరే. కాని ఏ రోగి ఏ పదకోశం ద్వారా హారంలోకి వచ్చాడో విడిగా లెక్కపెట్టుకోండి. ఐసీడీ ద్వారా మాత్రమే వచ్చినవారు ఎక్కువగా ఉంటే మీ సమస్య పదకోశంలో లేదు, ప్రాబ్లమ్ లిస్టులో ఉంది. ఐసీడీ కోడ్లను మ్యాపింగుతో స్నోమెడ్‌గా మార్చి పని జరిగిందనిపించుకోవడం మాత్రం వద్దు. అధికారిక మ్యాప్ స్నోమెడ్ నుంచి ఐసీడీకి వెళ్లేది, దాన్ని వెనక్కి తిప్పితే పోయిన వివరం తిరిగి రాదు.

ల్యాబ్ పరీక్షలకు లోయింక్ అనే కోడ్ల వ్యవస్థ తప్ప వేరే మాట లేదు కనుక అక్కడ పోలికే లేదు. ఒక్క హెచ్చరిక చాలు: హెచ్‌బీఏ1సీకి (మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్షకు) శాతంలో వచ్చే కోడూ, మోలుకు మిల్లీమోళ్లలో వచ్చే కోడూ వేర్వేరు. 9 శాతం అంటే రెండో కొలతలో దాదాపు 75. ప్రమాణం చూడకుండా 9తో పోల్చే తర్కానికి రెండో రకం ఫలితాలన్నీ అదుపు తప్పిన మధుమేహాలే. మందులకు అమెరికాలో ఆర్ఎక్స్‌నార్మ్, టీకాలకు సీవీఎక్స్. వీటి గురించి తర్జనభర్జన అవసరం లేదు.

ఇక డేటా నమూనా గురించి, అంటే రికార్డులోని వివరాలను ఏ రూపంలో అమర్చాలన్న దాని గురించి. ఇక్కడ ఉన్నవి రెండు, క్యూడీఎం, ఫైర్. క్యూడీఎం కొలమానాల కోసమే పుట్టింది, ఫైర్ సిస్టమ్‌ల మధ్య డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి పుట్టింది. 2019 నివేదికా సంవత్సరం నుంచి సీఎంఎస్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా సంస్థ) కొలమానాల తర్కాన్ని సీక్యూఎల్ అనే భాషలో రాస్తున్నారు, ఆ భాష రెండు నమూనాల మీదా నడుస్తుంది కాబట్టి తర్కం రాసేవారికి తేడా మరీ ఎక్కువేమీ కాదు. నేను ఫైర్ వైపే ఉన్నాను, కారణం మళ్లీ అర్థం గురించే. ఫైర్‌లోని కండిషన్ రికార్డులో జబ్బు తేలిందా, తాత్కాలిక నిర్ధారణా, కాదని తేలిందా అనే ధ్రువీకరణ స్థితికి విడి గడి ఉంది. క్యూడీఎంలోని డయాగ్నోసిస్‌కు అటువంటి లక్షణం లేదు. డిశ్చార్జి అనుమానాల గురించి పైన చెప్పిన చిక్కును తర్కంలో ఒక్క షరతుతో విప్పగలిగే చోటు ఇదే. ఆ గడిని సిస్టమ్ నిజంగా నింపుతోందో లేదో ముందే చూసుకోవాలి. నా అనుభవంలో మొదటి దఫా డేటాలో అన్ని రికార్డుల్లోనూ ‘ధ్రువీకరించబడింది’ అనే ఉంది, అది డాక్టర్ల మాట కాదు, ఇంటర్‌ఫేస్ రాసినవారు పెట్టిన డిఫాల్టు.

నా మధుమేహ వాల్యూ సెట్ ప్రస్తుతం స్నోమెడ్‌తోనే, గర్భధారణ మినహాయింపుతో, నిష్క్రియ భావనల అదనపు జాబితాతో ఉంది. ఐసీడీ భాగాన్ని పక్కనే విడి సెట్‌గా ఉంచాను. దాని ద్వారా మాత్రమే వచ్చే రోగుల సంఖ్యను ప్రతి త్రైమాసికానికీ ఒకసారి చూస్తున్నాను.