రాజమండ్రిలో కంప్యూటర్ సెట్ కొంటున్నారా? ‘ఏఎమ్‌డీ వేడండి’ అన్న మాట నమ్మి లక్షా ఇరవై ఎనిమిది వేలు పోగొట్టుకున్నాను

నిన్న రాత్రి పది దాటాక రాజమండ్రి నుంచి ఇల్లు చేరాను. అన్నం కూడా సహించలేదు. తెల్లారితే కోపం చల్లారిపోయి ‘పోనీలే’ అనుకుంటానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

షాపు పేరు రాయను. మన కోనసీమలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేసేవాళ్లలో చాలామంది సెట్లు అక్కడివే, ఎవరి సంగతో మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. సంక్రాంతి వెళ్లిన వారంలో కొన్నాను. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బు. పాత సెట్ మీద ఫోర్‌కే ఫుటేజ్ కదలడం మానేసింది, వైశాఖం ముహూర్తాలకి ఆరు పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నాను.

కొనేటప్పుడు షాపు ఓనర్‌కి నేను ఏం చెప్పానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. మేడ మీద రేకుల గది, ఏసీ లేదు. కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, యూపీఎస్ మీద లాగాలి. రైజెన్ 7 7700 వేసివ్వండి” అన్నాను. రైజెన్ అంటే ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్, కంప్యూటర్‌కి మెదడు లాంటిది; ఇంటెల్ దానికి పోటీ కంపెనీ. కాకినాడలో చదివే మా మేనల్లుడు ఆ పేరు కాగితం మీద రాసిచ్చాడు. ఆయన కాగితం చూసి పక్కన పెట్టేశాడు. “వద్దండి మాస్టారూ, ఏఎమ్‌డీ వేడండి. మీ రేకుల గదిలో కొలిమైపోద్ది. ఇంటెల్ ఐ7 తీసుకోండి, పద్నాలుగో జనరేషన్, 14700కె. చల్లగా పన్జేస్కుంటది” అన్నాడు. నా గది సంగతి విని, నా మంచి కోరి చెబుతున్నాడనే అనుకున్నాను.

ఎందుకు నమ్మానంటే, ఒకప్పుడు ఆ మాట నిజమే. 2011లో బుల్డోజర్ ప్రాసెసర్లతో ఏఎమ్‌డీ వెనకబడింది. 2013లో వాళ్ల ఎఫ్‌ఎక్స్-9590 ఏకంగా 220 వాట్స్‌తో వచ్చింది. అంతకు ముందు కథ తిరగబడి ఉండేది. 2005లో నేను అమలాపురంలో నెట్ సెంటర్‌లో పనిచేసేటప్పుడు అన్నీ ఇంటెల్ పెంటియం 4లే, ప్రెస్కాట్ రకం. మధ్యాహ్నానికి కేబినెట్ మీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్లం. ఆ రోజుల్లో చల్లగా ఉండేది ఏఎమ్‌డీ వాళ్ల అథ్లాన్ 64. 2006లో కోర్ 2 డ్యూయో వచ్చాక ఇంటెల్ మళ్లీ చల్లబడింది. 2017 మార్చిలో రైజెన్ వచ్చేసరికి ఆట మారిపోయింది. చిప్పు ఎంత సన్నగా చేశారనే లెక్కలో (ఈ అంకె తగ్గేకొద్దీ కరెంటు తక్కువ తాగుతుంది) ఇంటెల్ 14 నానోమీటర్ల దగ్గరే ఏళ్ల తరబడి ఉండిపోతే, ఏఎమ్‌డీ తైవాన్‌లోని చిప్పులు తయారుచేసే టీఎస్ఎంసీ చేత 7, తర్వాత 5 నానోమీటర్లలో చేయించుకుంది. వెనకబడకూడదని ఇంటెల్ వోల్టేజీ ఎక్కించి, గిగాహెర్ట్జ్ ఎక్కించి పరిగెత్తించింది. 14700కె 5.6 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. ఆ పరుగు వేడిగా మారి మన గదిలోకే వస్తుంది.

ఇవన్నీ నాకు కొన్నాక తెలిసినవి. కొనకముందు ఒక్క పూట కూర్చుని చదువుకుని ఉంటే సరిపోయేది. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ల మధ్య బతుకుతూ, వాట్స్ ఎన్ని అని ఒక్క మాట అడగలేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

ఆ ఒక్క మాట అడిగి ఉంటే తేలిపోయేది. రైజెన్ 7 7700 పెట్టె మీద 65 వాట్స్, ఎంత గట్టిగా పనిచేసినా 88 దగ్గర ఆగుతుంది. 14700కె మొదటి లెక్క 125, పూర్తి లోడ్‌లో 253. చాలా బోర్డుల్లో ఆ హద్దు కూడా తీసేసి పంపేవారు. తేడా 165 వాట్స్. రోజుకి ఎనిమిది గంటలు రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోని ఫైనల్ ఫైలుగా తయారుచేయడం) పెడితే నెలకి నలభై యూనిట్లు అదనం. మా యూపీఎస్ 600 వీఏ, అది మోసేది 360 వాట్స్. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060 ఒక్కటే 115. ఈ రెండూ ఒకేసారి గట్టిగా లాగితే 368, ఇంకా మానిటర్ కలపనే లేదు. అదే 7700 అయితే రెండూ కలిపి 203తో సరిపోయేది.

చలికాలం ఎలాగో నెట్టుకొచ్చింది. ఏప్రిల్‌లో ఉష్ణోగ్రత చూపించే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను, రెండర్ పెట్టిన అరనిమిషానికే ఎర్ర అక్షరాల్లో 100 అని పడింది. ఈ రకానికి కంపెనీ పెట్టిన పై హద్దు అదే. అక్కడికి చేరగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అంటే 5.6 గిగాహెర్ట్జ్‌కి డబ్బు కట్టాను గాని, నా రేకుల కింద ఆ వేగం ఏనాడూ నిలవలేదు. మే నెలలో ముమ్మిడివరం పెళ్లి ఎక్స్‌పోర్ట్ పెడితే కరెంటు పోయింది, యూపీఎస్ కుయ్యిమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. మళ్లీ పెట్టాను. ఈసారి కరెంటు ఉంది, కానీ 62 శాతం దగ్గర నీలం తెర వచ్చి మెషీన్ ఆగిపోయింది. మళ్లీ పెడితే 40 దగ్గర ఆగింది. పెళ్లికూతురు తండ్రి రోజూ ఫోన్ చేసి “ఏమైంది బాబూ” అని నెమ్మదిగానే అడిగేవారు. ఆయన తిట్టి ఉన్నా బాగుండేది. చివరికి ఆ పని వేరే వాళ్లకి వెళ్లింది, అడ్వాన్స్ తిరిగి ఇచ్చేశాను.

మేనల్లుడు వచ్చి పక్క డోర్ విప్పాడు. ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ నా గుప్పిట్లో పట్టేంత ఉంది. చుట్టూ రంగురంగుల లైట్లు. ఫ్యాను పక్కన చిన్న స్టిక్కరు, దుమ్ము తుడిస్తే ‘95 వాట్స్’ అని కనిపించింది. “మావయ్యా, 253 లాగేదాని మీద 95ది పెట్టారు” అన్నాడు. ‘కె’ అని ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లకి పెట్టెలో కూలర్ రాదు, విడిగా కొనాలట. నేనడిగిన 7700 పెట్టెలో అయితే మంచి కూలర్ కంపెనీయే ఇస్తుంది.

తర్వాత బయోస్, అంటే బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్, తెరిచాడు. తేదీ 2023 అని ఉంది. అది చూసి వాడు కాసేపు మాట్లాడలేదు. ఇంటెల్ 13, 14 జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, అవసరానికి మించిన వోల్టేజీ వెళ్లి లోపల దెబ్బతింటున్నాయని 2024 జులైలో కంపెనీయే చెప్పింది. ఆగస్టులో, సెప్టెంబరులో మైక్రోకోడ్ అప్‌డేట్లు, అంటే బయోస్‌తో పాటు ప్రాసెసర్‌కి వెళ్లే సవరణలు, ఇచ్చింది. మూడేళ్ల వారంటీకి ఇంకో రెండేళ్లు కలిపింది. ఆ జాబితాలో 14700కె ఉంది. అప్‌డేట్ కొత్తగా దెబ్బ తగలకుండా కాపాడుతుందే తప్ప, తగిలిన దెబ్బని బాగుచేయదు. నాకు అమ్మింది ఆ అప్‌డేట్ వచ్చిన నాలుగైదు నెలల తర్వాత. పెన్‌డ్రైవ్‌తో పది నిమిషాల పని. చెయ్యలేదు.

నిన్న కేబినెట్‌ని దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని రావులపాలెంలో బస్సు మారి వెళ్లాను. షాపులో ఏసీ గడ్డకట్టేలా ఉంది. కుర్రాడు ఆన్ చేసి, ఖాళీగా ఉన్న మెషీన్ చూపించి “నలభై డిగ్రీలేనండి, బానే ఉంది” అన్నాడు. రెండర్ పెట్టి చూడమన్నాను. పెట్టలేదు. వారంటీకి పంపమని ఓనర్‌ని అడిగాను.

“బాక్స్ తెచ్చారా?”

“మీరు బాక్స్ ఇవ్వలేదు కదండీ.”

“ఇవ్వలేదంటే మీది ట్రే పీసు. బాక్స్ రేటు వేరు. పదిహేను వందలు తగ్గించమని బేరమాడింది మీరే కదా?”

ట్రే పీసు అంటే కంపెనీలకి గంపగుత్తగా వెళ్లే సరుకు. దాని వారంటీకి ఇంటెల్ నేరుగా జవాబు చెప్పదు, అమ్మినవాణ్ణే అడగమంటుంది. బిల్లు తీసి చూశాను. ‘అసెంబుల్డ్ సెట్ – 1’ అని ఒకే లైన్. ఏ ప్రాసెసరో, సీరియల్ నంబరు ఎంతో ఏమీ లేదు. ఆ బిల్లు జనవరి నుంచీ నా బీరువాలోనే ఉంది.

“మరి మీరే కదండీ ఏఎమ్‌డీ వేడి అన్నారు” అన్నాను. అప్పుడు షాపులో అందరికీ వినపడేలా అన్నాడు: “రేకుల షెడ్డులో పెట్టుకుని ప్రాసెసర్ని అంటే ఎలాగండి? మీ గదిలో ఏదైనా కాలిపోద్ది.”

రేకుల గది అని ఆయనకి చెప్పింది నేనే. జనవరిలో అదే మాట మీద ఈ సరుకు అమ్మాడు, నిన్న అదే మాట నా మొహాన కొట్టాడు. నాకు నోట మాట రాలేదు. చుట్టూ జనం చూస్తున్నారు. దుప్పటి మడత పెడుతుంటే చేతులు వణికాయి.

అంతటితో అయిపోలేదు. పక్క కౌంటర్లో ఒకాయన, ఇంజినీరింగ్‌లో చేరబోయే కూతురితో వచ్చి ఉన్నాడు. ఆ పిల్ల రైజెన్ గురించి ఏదో అడిగింది. నా మెషీన్ ఇంకా బల్ల మీద ఉండగానే, ఓనర్ అటు తిరిగి, “ఏఎమ్‌డీ వేడమ్మా, ఇంటెల్ తీసుకో” అన్నాడు. అదే గొంతు, అదే నవ్వు.

బయట టీ బడ్డీ దగ్గర ఆ తండ్రిని ఆపి అంతా చెప్పాను. ఆయన నా బిల్లు ఫోటో తీసుకున్నారు. నిన్న నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఇంటెల్ కొనొద్దని నేను అనడం లేదు. ఏఎమ్‌డీ 7000 సిరీస్‌లో పెద్దవి కూడా 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే చేశారు, 7950ఎక్స్ పెట్టె మీదే 170 వాట్స్. 2023 ఏప్రిల్‌లో 7800ఎక్స్3డీలు కొన్ని సాకెట్లోనే మాడితే ఏఎమ్‌డీ ఒక వోల్టేజీకి 1.3 వోల్టుల దగ్గర హద్దు పెట్టాల్సి వచ్చింది. ఇంటెల్ 2024 అక్టోబరులో తెచ్చిన డెస్క్‌టాప్ కోర్ అల్ట్రా ముందువాటి కంటే కరెంటు తక్కువ తాగుతుంది. అవి వచ్చాకే పద్నాలుగో జనరేషన్ స్టాకు వదిలించుకోవడానికి నాలాంటివాడు దొరికాడని నా అనుమానం. ఏది కొన్నా పూర్తి లోడ్‌లో ఎన్ని వాట్స్, కూలర్ ఎన్ని వాట్స్‌ది అని అడగండి. సీలు మీ ముందే విప్పించండి, బిల్లులో ప్రతి పార్టూ సీరియల్ నంబరుతో రాయించండి.

మేనల్లుడు బయోస్ అప్‌డేట్ చేసి 125 వాట్స్‌కి కట్టేశాడు. ఇప్పుడు 80 డిగ్రీలు దాటడం లేదు, అయినా రెండురోజులకోసారి నీలం తెర వస్తూనే ఉంది. పొద్దున్నే 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేస్తున్నాను. సంక్రాంతి తర్వాత అక్కడ 14700కె కొన్నవాళ్లు ఇంకా ఉంటారు. ఈ రాత్రే బీరువా తీసి బిల్లు చూసుకోండి. ‘అసెంబుల్డ్ సెట్ – 1’ అనే ఉంటే నాకు చెప్పండి, కలిసి వెళ్దాం.