ఎత్తు కొలవని కొలంబస్: సంక్రాంతి ఎగ్జిబిషన్‌లో ఒక సాయంత్రం

సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు సాయంత్రం మా అక్క, బావగారు, ఎనిమిదేళ్ళ మేనకోడలితో కలిసి, కోనసీమలోని ఒక పట్టణంలో పెట్టిన ఎగ్జిబిషన్‌కు వెళ్ళి, అక్కడున్న పెద్ద రైడ్లన్నీ ఎక్కి వచ్చాను. జెయింట్ వీల్ బాగుంది, పడవలా ఊగే కొలంబస్ ఇంకా బాగుంది. అయితే ఎవరిని ఎక్కించవచ్చు, ఎవరిని ఎక్కించకూడదు అనే నియమం అక్కడ ఎవరూ పాటించడం లేదు కాబట్టి, చిన్న పిల్లలున్న కుటుంబాలకు ఈ ఎగ్జిబిషన్‌కు ఇప్పుడున్న స్థితిలో వెళ్ళమని చెప్పలేను. నిర్వాహకుల పేరు రాయడం లేదు. పండుగ వెళ్ళగానే లారీల మీద ఇనుము దించుకుని మన డెల్టాలో ఊరూరా వెలిసే ఎగ్జిబిషన్లలో ఇలాంటివి ఇంకా ఉంటాయి కాబట్టి, ఇక్కడ చెప్పిన విషయాలు చదివినవారికి మరోచోట కూడా పనికి రావచ్చు.

రోలర్ కోస్టర్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. హైదరాబాదు శివార్లలో రావిర్యాల దగ్గర వండర్‌లా వినోద పార్కు 2016లో తెరిచాక, అక్కడి రీకాయిల్ అనే కోస్టర్ ఎక్కడం కోసమే రావులపాలెంలో రాత్రి బస్సు పట్టుకుని వెళ్ళిన రోజులున్నాయి. మహారాష్ట్రలో ఖోపోలీ దగ్గరున్న ఇమాజికా పార్కులోని నైట్రో కూడా ఒకసారి ఎక్కాను. కాళ్ళ కింద నేల అన్నది లేకుండా కూర్చోబెట్టి తిప్పే రైడ్ అది. వాటితో పోల్చి ఊరి ఎగ్జిబిషన్‌ను తక్కువ చేయాలని నాకు లేదు, ఎందుకంటే మంచి కొలంబస్ చివరి వరుసలో కూర్చున్నప్పుడు కలిగే అనుభూతి కోట్లు పోసి కట్టిన కోస్టర్లో కలిగే అనుభూతికి సొంత చెల్లెలు.

కొలంబస్ సంగతే ముందు చెబుతాను. పడవ కింద, సరిగ్గా మధ్యలో, మోటారుతో తిరిగే ఒక టైరు ఉంటుంది. పడవ అడుగు దాని మీదుగా పోయిన ప్రతిసారీ ఆ టైరు ఒక తోపు తోస్తుంది. అట్లతద్ది నాడు ఉయ్యాల ఊపేవాళ్ళు సమయం చూసి తోసినట్టే ఇదీ. ఒక్కసారిగా పెద్ద బలం అక్కర్లేదు, ప్రతి ఊపుకూ అందాల్సిన తోపు అందితే చాలు. మధ్య వరుసల్లో కూర్చున్నవారికి అది ఉయ్యాల మాత్రమే. చివరి వరుసలో కూర్చుంటే పడవ ఆ కొసకు లేచి, క్షణంపాటు ఆగినట్టే ఆగి, కిందికి జారే సమయంలో సీటు మన కన్నా ముందే వెళ్ళిపోతుంది, పొత్తికడుపు జిల్లుమంటుంది, ఒళ్ళు సీటు నుంచి బెత్తెడు పైకి తేలుతుంది. కోస్టర్ అభిమానులు ఎయిర్ టైమ్ అని పిలుచుకుని, దేశాలు తిరిగేది ఈ తేలడం కోసమే. ఇక్కడి కొలంబస్ నడిపే కుర్రాడికి చేయి తిరిగింది. ఊపును మెల్లగా పెంచి, పైఎత్తులో ఏడెనిమిది ఊపులు నిలకడగా నిలిపి, మళ్ళీ మెల్లగా దించాడు. వంద రూపాయల టికెట్టుకు అది తక్కువేమీ కాదు.

అయితే ఒళ్ళు తేలినప్పుడు మనిషిని పడవలో ఉంచేది తొడల మీద అడ్డంగా పడే ఇనుప కడ్డీ ఒక్కటే.

మొదటిసారి నేనొక్కడినే ఎక్కి దిగాను. రెండోసారి మేనకోడలు తానూ వస్తానని పట్టుబట్టింది. "పాపను ఎక్కించవచ్చా అండీ?" అని బావగారు అడిగితే, "ఆయ్, ఎక్కించొచ్చండి. పక్కన కూర్చోబెట్టుకుని గట్టిగా పట్టుకోండి, ఏం కాదు" అన్నాడు టికెట్టు చింపే అతను. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు ఎక్కరాదని ఒక రేకు మీద రాసి ఉంది గానీ, ఎత్తు గురించి ఒక్క మాట గానీ, కొలవడానికి ఒక గీత గానీ లేవు. నేను ఆపి ఉండవలసింది. ఆపకుండా మధ్యకు కొంచెం దగ్గరగా ఉన్న వరుస చూసి కూర్చున్నాను. కడ్డీ దించారు. స్పాంజి చుట్టి, పైన రెక్సిన్ తొడిగిన గొట్టం అది. నా తొడలకు తగిలి ఆగిపోయింది. కడ్డీ వరుస మొత్తానికీ ఒక్కటే కావడంతో, మేనకోడలి తొడలకూ కడ్డీకీ మధ్య జానెడు సందు మిగిలింది. ఆ సందును నేను నా కళ్ళతో చూశాను, చేయి పెట్టి కూడా చూశాను. అంతలోనే పడవ కదిలింది.

నాలుగో ఊపుకే పిల్ల సీటు మీద నుంచి లేచింది. నా ఎడమ చేయి అడ్డం పెట్టి వెనక్కి అదిమి పట్టుకున్నాను. ఆ తరువాతి ఊపులో దాని కాలి చెప్పు ఊడి ముందు వరుసలో పడింది. "మావయ్యా, ఆపమను" అంది, అరవలేదు, మామూలుగానే అంది, ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతోంది. నేను చేయి ఊపి కేక వేయగానే నడిపే కుర్రాడు వెంటనే మోటారు తగ్గించాడు, ఆ మేరకు అతనికి కృతజ్ఞుడిని. అయితే కొలంబస్ మీట నొక్కగానే నిలబడిపోయే రైడ్ కాదు. ఊపు ఎక్కిన పడవ అడుగున రాసుకుంటూ, కొద్దికొద్దిగా వేగం తగ్గుతూ ఆగాల్సిందే, కాబట్టి ఆగేలోగా ఇంకా నాలుగైదు ఊపులు ఊగింది. ఆ కాసేపూ నా చేయి తప్ప ఆ పిల్లకు వేరే ఆధారం లేదు.

"గట్టిగా పట్టుకోండి" అనే సలహా ఎందుకు పనికిరాదో లెక్క వేసి చెప్పవచ్చు. నిటారుగా వేలాడే స్థితి నుంచి 60 డిగ్రీల దాకా ఊగే పడవ తిరిగి అడుగుకు వచ్చేసరికి మన బరువు దాదాపు రెట్టింపైనట్టు ఉంటుంది, కొసకు చేరేసరికి ఆ బరువు బాగా తగ్గిపోతుంది. ఇరవై కిలోల పిల్ల కొద్ది క్షణాల తేడాతో నలభై కిలోలై, మళ్ళీ తేలికైపోతూ ఉంటే, పక్కనున్నవాడి చేయి ఎంత గట్టిదైనా ఆ మార్పుకు తగినట్టు బిగించి వదలలేదు. ఎత్తు నిబంధన ధైర్యాన్ని కొలిచేది కాదు, వయసును కొలిచేది కూడా కాదు. ఆ సీటు, ఆ కడ్డీ ఎంత ఒడ్డూ పొడుగూ ఉన్న ఒంటిని పట్టి ఉంచడానికి చేశారో, ఎక్కేవారి ఒళ్ళు అంత ఉందో లేదో చూసేదే ఆ గీత. అందుకే ఎనిమిదేళ్ళ పొడుగు పిల్లవాడిని అనుమతించి, పదకొండేళ్ళ పొట్టి పిల్లను ఆపితే అది అన్యాయం కాదు. రీకాయిల్ దగ్గర ఎత్తు నిబంధన ఉంది. వేళ్ళ మీద లేచి నిలబడిన పిల్లలను మడమలు ఆనించమని చెప్పి మళ్ళీ కొలవడం అక్కడ వరుసలో నిలబడి చూశాను. ఏడుస్తూ వెనక్కి వెళ్ళే పిల్లలను చూస్తే జాలి వేస్తుంది. అయినా ఆ జాలికి లొంగని ఉద్యోగి వల్లే, మిగిలినవాళ్ళం చేతులు పైకెత్తి కేకలు వేయగలుగుతున్నాం.

నిబంధనలు రైడ్ మజాను చంపుతాయని కోస్టర్ అభిమానుల్లోనే కొందరు వాదిస్తారు. రోలర్ కోస్టర్ చరిత్ర ఆ వాదనకు పూర్తిగా విరుద్ధంగా ఉంది. 1884లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో థాంప్సన్ కట్టిన మొదటి తరం కోస్టర్ గంటకు పది కిలోమీటర్ల వేగంతో, ఇంచుమించు మన సైకిల్ పోయినంత నెమ్మదిగా పోయేది. పట్టా కింది వైపు నుంచి కూడా బండిని పట్టి ఉంచే చక్రానికి 1919లో జాన్ మిల్లర్ పేటెంటు పొందాడు. బండి పట్టా వదిలి పైకి లేవదన్న ఆ భరోసా దొరికిన తరువాతే కొండలను నిటారుగా, లోయలను లోతుగా కట్టే ధైర్యం వచ్చింది. బండిని తలకిందులుగా తిప్పేలా పట్టాను నిలువుగా చుట్టి కట్టే లూపు కథ కూడా ఇంతే. 1895లో అదే కోనీ ఐలాండ్‌లో సున్నాలాగా గుండ్రంగా కట్టిన లూపు ఎక్కినవారి మెడలు పట్టేసేవి. కాలిఫోర్నియాలో 1976లో వచ్చిన రివల్యూషన్‌లో లూపును పైన ఇరుకుగా, కింద వెడల్పుగా, నీటి బొట్టు ఆకారంలో మలిచి వెర్నర్ స్టెంగెల్ ఆ బాధ తప్పించాడు. రీకాయిల్‌లో ముందుకూ వెనక్కీ తలకిందులై తిరిగినా మెడకు ఏమీ కాకుండా దిగి వస్తున్నామంటే కారణం ఈ కొలతలే. కాపలా గట్టిపడిన కొద్దీ రైడ్ పెద్దదవుతూ వచ్చింది.

జెయింట్ వీల్ విషయంలో నిర్వాహకులకు మంచి మార్కులు వేస్తాను. ఒక తొట్టెలో జనాన్ని ఎక్కించగానే చక్రాన్ని సగం తిప్పి, ఎదురుగా ఉన్న తొట్టెను నింపుతున్నారు. ఒకవైపే బరువు పడితే మోటారుకూ బ్రేకుకూ ఎంత భారమో తెలిసినవారు చేసే పని అది. పైకి చేరాక కొబ్బరి తలల మీదుగా గోదావరి పాయ, అవతలి ఒడ్డున దీపాలు, పంటు రేవు దగ్గర వెలుగు కనబడ్డాయి. మేనకోడలు అప్పటికి తేరుకుని తమ ఊరు ఎటు ఉందో వేలు పెట్టి చూపించింది. దిగాక చక్రం కాళ్ళు ఎక్కడ ఆనాయో వంగి చూశాను. మన డెల్టా నేల ఒండ్రు నేల, కొద్దిగా తడి తగిలితే చాలు కుంగుతుంది. ఇక్కడ రైలు పట్టాల కింద వేసే లాంటి చెక్క దుంగలను రెండు వరుసలు అడ్డంగా పేర్చి, వాటి మీద కాళ్ళు నిలిపారు. దుంగల చుట్టూ మట్టి పొడిగా ఉంది, ఒరిగిన జాడ లేదు. చెరకు రసం బండి నుంచి వచ్చే నీళ్ళు మాత్రం ఒక కాలు వైపు పారుతున్నాయి, ఆ బండిని అక్కడి నుంచి తీయించాలి. ఒక తొట్టె తలుపుకు గొళ్ళెం పిన్ను లేదు, దాని బదులు కట్టుడు తీగ రెండు చుట్లు చుట్టి మెలేశారు. ఆ తొట్టె రంగు నీలం.

డ్రాగన్ ట్రైన్ చిన్న పిల్లలకు సరిపోతుంది. గొలుసు పైకి లాగి వదిలితే భూమ్యాకర్షణతో జారేదే అసలైన కోస్టర్ అని నమ్మేవాడిని కాబట్టి, మోటారుతో గుండ్రంగా తిరిగే దాన్ని ఆ పేరుతో పిలవడానికి నాకు మనసు ఒప్పలేదు. మేనకోడలు మాత్రం రెండుసార్లు ఎక్కింది, ఇక్కడ కడ్డీ దాని ఒడిలో సరిగ్గా ఆనింది. బ్రేక్ డాన్స్ అనే రైడ్‌లో కుదుపు ఎక్కువ, ఆనందం తక్కువ. ఢిల్లీ అప్పడం మీద కారం బాగా చల్లారు, మిరపకాయ బజ్జీ చల్లారిపోయింది.

2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన తరువాత, మా ఇళ్ళల్లో పంటు ఎక్కే ముందు లైఫ్ జాకెట్ గురించి అడగడం అలవాటైంది. నీటి మీద పడవకు అడిగే ప్రశ్న గాలిలో ఊగే పడవకు అడగకపోవడం నా తప్పేనని ఒప్పుకుంటూ, మరుసటి రోజు మధ్యాహ్నం నేనొక్కడినే వెళ్ళి మేనేజరును కలిశాను. మర్యాదగా కూర్చోబెట్టి విన్నారు. నీలం తొట్టె దగ్గరికి నాతో వచ్చి, తీగ చూసి, నడిపేవాళ్ళను మందలించి, నేను అక్కడుండగానే కొత్త పిన్ను వేయించారు. కొలంబస్ మెట్ల దగ్గర కర్ర పాతి ఎత్తు గీత గీయించమని అడిగినప్పుడు మాత్రం, "గీత గీస్తే సగం కుటుంబాలు వెనక్కి పోతాయండి, పిల్ల ఎక్కకపోతే తల్లిదండ్రులూ ఎక్కరు" అన్నారు. కడ్డీని వరుస మొత్తానికి ఒకటిగా కాక, సీటుకొకటి చొప్పున మార్చే ఆలోచన ఉందా అని అడిగితే, వచ్చే ఏడాది చూస్తామన్నారు.

ప్రవేశం యాభై రూపాయలు, రైడ్లకు వేరే టికెట్టు. సాయంత్రం ఐదున్నరకు తెరుస్తారు, ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఏడు దాకా రద్దీ ఉండదు, కొలంబస్‌ను ఖాళీగా రెండు ఊపులు ఊపి చూసేది కూడా ఆ వేళలోనే. పెద్దలు చివరి వరుస అడిగి కూర్చోవచ్చు. కడ్డీ దించాక పిల్ల తొడకూ దానికీ మధ్య మీ అరచేయి దూరితే, పడవ కదలకముందే లేచి దిగిపోండి, టికెట్టు డబ్బులు ఇవ్వకపోయినా సరే. ఎగ్జిబిషన్ ఇంకా రెండు వారాలు ఉంటుంది. నేను వచ్చేసరికి గీత గీయలేదు.