ఉదయగిరి చెక్క చెంచాల కోసం వెళ్తే

ఉదయగిరిలో బోర్డు పెట్టిన ప్రదర్శనశాల కోసం వెతకకండి. ఈ ఊరికి పేరు తెచ్చిన పనితనం ఇళ్ల వసారాల్లోనే, చెక్కపొట్టు మధ్యనే కనిపిస్తుంది. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులున్నాయి. కావలి వైపు నుంచి వచ్చేవారికి దుత్తలూరు మీదుగా మరో దారి ఉంది. చెంచాలకు మాత్రమే అయితే బస్సు చాలు, ఊరి పక్క కొండ మీది దుర్గం కూడా ఎక్కాలనుకుంటే తెల్లవారకముందే బయలుదేరే సొంత వాహనం మేలు.

మేం చూసిన చోట పని చేసేవారిలో ఎక్కువ మంది ముస్లిం కుటుంబాల ఆడవాళ్లు. మాతో తెలుగు, తమలో తాము ఉర్దూ. మొదట బాడిసెతో చెక్కను చెంచా ఆకారానికి తెస్తారు. తరువాత ఆకురాయి, ఆ పైన గరుకు కాగితం. మీరు రెండు నిమిషాలు నిలబడితే చాలు, చెంచా గుంటకూ కాడకూ మధ్య ఉండే ఆ సన్నని మెడ దగ్గరే పనంతా ఉందని అర్థమవుతుంది. అక్కడ చెయ్యి కాస్త బరువుగా పడితే అప్పటిదాకా చేసిందంతా పోయినట్టే. కాడ చివర చేపలు, పూలు, సన్నని జల్లెడ పని. రంగు పూయరు, చెక్క రంగే దాని అందం.

చెక్క చుట్టుపక్కల కొండల నుంచే వస్తుంది. నర్ది, బిక్కి, దేవదారి అని చెప్పారు. ఈ దేవదారి హిమాలయాల్లోని ఆ మహావృక్షం కాదు, మన మెట్ట అడవుల్లో పెరిగే చిన్న చెట్టు. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఈ పేరు ఇక్కడ చేసినవాటికే చెల్లుతుంది. అయినా పేరు మోగినంతగా వాటిని చేసే చేతుల్లోకి డబ్బు చేరడం లేదని అక్కడ కూర్చుంటే తెలిసిపోతుంది. నగరంలోని ఒక దుకాణంలో నేను చూసిన ధరలో సగం కూడా చెప్పలేదు ఇక్కడ. బేరమాడాలనిపించలేదు, మీరూ ఆడవద్దు.

"ఇవి వంటకు పనికొస్తాయా, గోడకు తగిలించుకోవడానికేనా?" అని చెంచాలు చెక్కుతున్న ఒకావిడను అడిగాను. "వంటకే అమ్మా. నీళ్లలో నానబెట్టి వదిలేయకండి, కడిగి నీడలో ఆరబెట్టండి" అందావిడ. అంట్లు తోమే యంత్రంలో అయితే అసలు వేయవద్దు. అడుగంటని పూతవేసిన పెనాలకు ఇంతకన్నా మంచి గరిటె లేదు. నేను మాత్రం జల్లెడ పనివి వద్దనుకుని పులుసు గరిటెలే తీసుకున్నాను. అతి సన్నని పని ఉన్నవి చూడ్డానికి బాగున్నా మన వంటింటి మోటుతనానికి ఆగవు.

ఇక దుర్గం. ఊరి మీద వాలి ఉండే ఈ కొండను చాలాకాలం ముట్టడించి 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుల నుంచి గెలుచుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని తన రాజధాని విజయనగరానికి, అంటే నేటి హంపికి తీసుకువెళ్లి, దాని కోసమే అక్కడ కృష్ణాలయం కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. పైన మసీదులు, కూలిన ప్రాకారాలు, గుబురు పొదలు. దారి చూపే పలకలు సరిగా లేవు, నీళ్లు దొరకవు. ఊళ్లో తెలిసినవారిని వెంట పెట్టుకోకుండా ఎక్కవద్దు. ఓపిక లేకపోతే కింద ఉన్న రంగనాయకుల గుడిని తీరిగ్గా చూడండి, శిథిలమైనా రాతిపని చక్కగా ఉంది.

బస విషయంలో నా సలహా ఒకటే: నెల్లూరులోనే ఉండండి. ఉదయగిరిలో దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ రాత్రంతా నీళ్లు రాలేదు. అడిగితే పొద్దున్నే మోటారు వేస్తామన్నారు. నెల్లూరులో బస ఉంటే పొద్దున కారం దోసె, రాత్రికి చేపల పులుసు ఎలాగూ మీవే.

ఇంకో రోజు చేతిలో ఉంటే వెంకటగిరా, భైరవకోనా అని అడుగుతారు. వెంకటగిరి 2022 విభజనలో తిరుపతి జిల్లాకు వెళ్లింది కానీ నెల్లూరు నుంచి వెళ్లిరావడం తేలికే. అక్కడ మగ్గం మీద జాందానీ బుటా, అంటే నేతలోనే వేసే పువ్వు, ఒక్కో పోగుగా ఎక్కడాన్ని చూడవచ్చు, చీర కొనే ఉద్దేశం ఉంటే అదే సరైన చోటు. కొనేది లేకపోతే ఉమ్మడి ప్రకాశం జిల్లా వైపు భైరవకోనకు పోండి. కొండను తొలిచిన శివాలయాలు ఎనిమిది, పక్కనే జలపాతం. వానలు పడ్డాక వెళ్తేనే జలపాతం సంగతి.

ఉదయగిరికి మాత్రం శుక్రవారం మధ్యాహ్నం పెట్టుకోవద్దు, నమాజు వేళకు చాలా ఇళ్లలో పని ఆగుతుంది. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. ఎక్కువ సంఖ్యలో కావాలంటే ముందే చెప్పి చేయించుకోవాలి, అన్నీ సిద్ధంగా ఉండవు.