రాగి గ్రీజు పూసిన బోల్టు, పూయని బోల్టు: మా పాత కారు మీద ఏడేళ్ళ అనుభవం

మాది 2006 మోడల్ డీజిల్ కారు, 2015లో నెల్లూరు నుంచి సెకండ్ హ్యాండ్‌లో తిరుపతికి తెచ్చుకున్నాం. ముందు ఓనరు దాన్ని మైపాడు పక్క రొయ్యల గుంతల కాడ తిప్పినాడని కొన్నాకే తెలిసింది. ఇంజన్ ఇప్పటికీ గుండ్రాయి మాదిరి ఉండాది, పెయింటు కూడా బాగానే ఉండాది, కానీ కింద దూరి చూస్తే సస్పెన్షన్ బోల్టులన్నీ ఎర్రమట్టి పూసినట్టు ఉండేవి. సముద్రం గాలి, గుంతల ఉప్పునీళ్ళు కలిస్తే ఇనుము అట్లనే అవుతుంది.

2017లో ముందు చక్రాల కాడ టకటకమని శబ్దం మొదలైంది. కొండకి పోయి ఘాట్ దిగేటప్పుడు మలుపు మలుపుకీ వినపడేది, మా అమ్మ అయితే భయపడి డోరు పట్టుకునే కూచునేది. లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని బండి అడుగు చట్రానికి పట్టి ఉంచే ఇనప చెయ్యి, అది చట్రానికి తగులుకునే కాడ ఉండే రబ్బరు బుష్షులు పోయినాయి, రెండు పక్కలా ఆర్ములే మార్చాలన్నారు. కుడి పక్క ఒక షెడ్డులో చేయించినాను. బోల్టు రాకపోతే రాడ్డుకి పైపు తగిలించి ఇద్దరు కలిసి లాగినారు, దాంతో లోపల చాసిస్‌కి వెల్డింగ్ చేసి ఉండే నట్టు ఊడి బోల్టుతో పాటే తిరగడం మొదలుపెట్టింది. ఇంక రేకులో కిటికీ మాదిరి కోసి, నట్టుని కొత్తగా వెల్డింగ్ పెట్టాల్సొచ్చింది. రెండు రోజులు బండి అక్కడే. అది చూసినాక ఎడమ పక్క నేనే నిదానంగా చేద్దామని మా బావమరిదిని పిలిచినాను, వాడు లేత్ షాపులో పని చేస్తాడు.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాల. ఈ ఆర్మ్ బోల్టు పట్టేసేది ఎక్కువగా మరల (థ్రెడ్ల) కాడ కాదు. బుష్షు రబ్బరు మధ్యలో ఒక ఇనప గొట్టం ఉంటుంది, బోల్టు దాంట్లో నుంచి పోతుంది, ఆ సందులో నీళ్ళు చేరి తుప్పు పడుతుంది. తుప్పు అయిన ఇనుము ముందు ఉన్న దానికి రెట్టింపు పైనే చోటు ఆక్రమిస్తుంది, అందుకని గొట్టం, బోల్టు ఒకే ముక్క అయిపోతాయి. గుర్తు పట్టడం సులభం: పానా వేసి బోల్టు తలకాయ తిప్పితే రవ్వంత తిరుగుతుంది, వదిలితే స్ప్రింగు మాదిరి వెనక్కి వస్తుంది. అది తిరిగేది కాదు, రబ్బరు మెలి పడేది. మాకు అదే జరిగింది. బావా, ఇంక దీన్ని కొడితే లాభం లేదు కోసేద్దాం అని వాడే అన్నాడు. బుష్షుకీ బ్రాకెట్‌కీ మధ్య సందులో హ్యాక్సా బ్లేడు పెట్టి రెండు పక్కలా కోసినాం, ఆర్ము ఎట్లాగూ కొత్తదే కదా.

కొత్త బోల్టు వేసేటప్పుడు వాడు రాగి రంగు గ్రీజు చిన్న ట్యూబు తెచ్చినాడు, కాపర్ గ్రీజు, యాంటీ సీజ్ (పట్టేయకుండా చూసేది) అని అడిగితే ఇస్తారు. దాన్ని బోల్టు నున్నటి భాగం మీద, అంటే గొట్టంలోకి పోయే చోట, పలచగా పూసినాడు. మరల మీద పెద్దగా పెట్టలేదు. మరలు జారుడుగా ఉంటే అదే టార్క్‌కి (తిప్పి బిగించే బలానికి) బోల్టు ఎక్కువ సాగుతుంది, కంపెనీ చెప్పే లెక్క మామూలుగా పొడి మరలకి. రబ్బరుకి అంటిన గ్రీజు మాత్రం గుడ్డతో తుడిచేసినాడు. కుడి పక్క షెడ్డువాళ్ళు వేసింది కూడా కొత్త బోల్టే, కానీ ఏమీ పూయకుండా వేసినారు. అనుకోకుండా ఒకే బండి మీద రెండు రకాలూ అయినాయి.

ఆ తర్వాత బండి బాగా తిరిగింది. 2021 నవంబరు వానలకి తిరుపతి వీధులు ఏరులైనాయి కదా, అప్పుడు మా వీధిలో ఇది చక్రాలు సగం మునిగి ఒకటిన్నర రోజు నీళ్ళలోనే ఉండిపోయింది. అందుకే 2024లో మళ్ళా బుష్షులు మార్చాల్సి వచ్చినప్పుడు రెండు పక్కలా పట్టేసి ఉంటాయనే అనుకున్నాను.

ఎడమ పక్క బోల్టు రాడ్డుతో ఒక్క లాగుకి వదిలింది. మరలు విప్పినాక బోల్టుని వెనక నుంచి ఇత్తడి కడ్డీతో రెండు దెబ్బలు తట్టినాను, సగం బయటికి వచ్చింది, మిగతాది చేత్తో లాగేసినాను. ఆ బోల్టుని నేను దాచిపెట్టుకున్నాను. మీద రాగి పొర ఇంకా పలచగా ఉండాది, గుడ్డతో తుడిస్తే కింద ఇనుము మెరుస్తా ఉండాది, తలకాయ దగ్గర గ్రీజు అందని చోట ఒక్క వేలిగోరంత గోధుమ రంగు మచ్చ, అంతే. కుడి పక్క బోల్టు మాత్రం ససేమిరా అనింది. మూడు రోజులు నూనె కొట్టినా రాలేదు, మళ్ళా కోయాల్సిందే. కోసిన ముక్క పగలగొట్టి చూస్తే తుప్పు అప్పడం మాదిరి పొరలు పొరలుగా ఊడింది. ఒకే కారు, ఒకే ఏడేళ్ళు, ఒకే వాన నీళ్ళు.

నూనెల గురించి కూడా చెప్తాను. అందరూ డబ్ల్యూడీ-40 అంటారు, ఆ డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, 1953లో తేమని తరిమి తుప్పు రాకుండా చూసేదానికి తయారైన మందు అది. పట్టేసిన బోల్టుకి పెనెట్రేటింగ్ ఆయిల్ (సన్న సందుల్లోకి దిగే నూనె) అని విడిగా అడిగి తీసుకోండి. నేను అసిటోన్, ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ నూనె సగం సగం కలిపి కూడా వాడినాను, మరల్లోకి బాగా దిగుతుంది, కానీ దాన్ని కొట్టిన చోట మంట అస్సలు పెట్టకూడదు. ఏ నూనె అయినా నాలుగైదు రోజుల ముందు నుంచి పూటకోసారి కొడితే బాగా పని చేస్తుంది, కొట్టిన పది నిమిషాలకే లాగితే తలకాయే ఊడొచ్చినా రావచ్చు. ముందు రవ్వంత బిగించి తుప్పు పగిలిందనిపించాక వదులు చెయ్యాల, అర చుట్టు వెనక్కి, పావు చుట్టు ముందుకి. పన్నెండు మూలల సాకెట్టు వద్దు, ఆరు మూలలదే వాడండి.

గ్యాస్ మంట పెడతామంటే నేను ఒప్పుకోను. పక్కనే బ్రేక్ హోసు, బాల్ జాయింట్ రబ్బరు, బుష్షు ఉంటాయి. మంట తగిలిన హైటెన్సైల్ (ఎక్కువ బలం ఉండే) బోల్టుకి బలం పోతుంది, దాన్ని మళ్ళా వెయ్యకూడదు. బోల్టు తల మీద 10.9 అని (అది బోల్టు బలం చెప్పే గుర్తు) ఉంటే 10.9దే కొనండి, ఇది చాలు లెమ్మని అంగట్లో వేరేది ఇస్తే తీసుకోవద్దు, ఆ ఒక్క బోల్టు మీదనే ఇంటిల్లిపాదీ కొండ దిగుతాం. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందకి దూరొద్దు, స్టాండ్లు పెట్టండి, బిర్రుగా ఉన్న బోల్టు లాగేటప్పుడు బండి ఊగుతుంది.

ఇంకోటి, చానా మంది మర్చిపోయేది: ఆర్మ్ బోల్టుని చివరి బిగింపు చక్రం నేల మీద ఆని, బండి బరువు పడినాకనే చెయ్యాల. గాల్లో వేలాడతా ఉండగా బిగిస్తే బండి దించినప్పుడు రబ్బరు మెలి పడి అట్లనే ఉండిపోతుంది, కొత్త బుష్షు కూడా త్వరగా చిరుగుతుంది.

గ్రీజు ట్యూబులో సగానికి పైన ఇంకా మిగిలుండాది, 2017లో కొన్నదే. వెనక ఎడమ పక్క షాక్ అబ్జార్బర్ కింది బోల్టు ఒక్కటి మేము ఎన్నడూ ముట్టుకోనిది, నెల్లూరు తుప్పుతోనే ఉండాది. ఆదివారం దాన్ని పట్టుకోవాల, బుధవారం నుంచి పొద్దున సాయంత్రం నూనె కొడతా ఉండాను.