ఐస్‌డబ్ల్యూఎం మంచిదే, నా బ్యాటరీ తిన్నది మాత్రం వేరే

దేవరకొండలో మా ఆన్‌లైన్ షాపులో 2 జీబీ రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న బోర్డు కంప్యూటర్ నడుస్తుంది. దాంతో వచ్చిన డెస్క్‌టాప్‌ని, అంటే తెర మీద మెనూ, విండోలు చూపించే సాఫ్ట్‌వేర్‌ని పక్కన పెట్టి, అదే పని చేసే తేలికైన ఐస్‌డబ్ల్యూఎంకి మారి ఏడాదిన్నర అయింది, ఇంకా మోజు తీరలేదు. మెనూ నొక్కడమే ఆలస్యం, టక్కున తెరుచుకుంటుంది. చూస్తే విండోస్ 98 నాటి నెట్ సెంటర్ గుర్తొస్తుంది, నాకు అదీ ఇష్టమే.

అసలు మారింది ఇన్వర్టర్ కోసం. ఎండాకాలం గాలిదుమారం లేచిందంటే మా దగ్గర కరెంటు మళ్లీ ఎప్పుడొస్తుందో లైన్‌మన్ కూడా చెప్పలేడు. డెస్క్‌టాప్ తేలికైతే బ్యాటరీ ఎక్కువసేపు ఆగుతుందనుకున్నా. తీరా చూస్తే మొదటి నెలలోనే ఇన్వర్టర్ మునుపటికంటే తొందరగా కూయడం మొదలుపెట్టింది! బ్యాటరీలో నీళ్లు పోశా, వైర్లు గుంజి చూశా, వారం రోజులు ఒకటే టెన్షన్. చివరికి ప్లగ్ మీటర్ పెడితే రాస్ప్‌బెర్రీ పై తినేది 3, 4 వాట్లే, మానిటర్ 18. పాత డెస్క్‌టాప్‌లో పది నిమిషాలు ముట్టకపోతే తెర ఆరిపోయేది, మారినప్పుడు ఆ సెట్టింగ్ వెంట రాలేదు, నేను ఇంటికి పోయి అన్నం తిని కునుకు తీసి వచ్చినా మానిటర్ వెలుగుతూనే ఉండేదన్నమాట. ఐస్‌డబ్ల్యూఎం స్టార్టప్ ఫైల్లో తెర దానంతటదే ఆరేలా చేసే ఎక్స్‌సెట్ డీపీఎంఎస్ కమాండు లైను రాశా. అయినా ఆరదు. ఆ ఫైలుకు ఎగ్జిక్యూట్ పర్మిషన్ (ప్రోగ్రాంలా నడిచే అనుమతి) ఇవ్వకపోతే ఐస్‌డబ్ల్యూఎం దాన్ని అసలు పట్టించుకోదని తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఇప్పుడు మూడు నిమిషాలకే ఆరిపోతుంది, గిరాకీలు "అన్నా, బందైందా?" అని అడుగుతుంటారు.

కాబట్టి కరెంటు మిగిలింది తెర ఆరడం వల్ల. ఊరికే ఉన్నప్పుడు పాత డెస్క్‌టాప్ కూడా సీపీయూని పెద్దగా కదిలించేది కాదు. ఐస్‌డబ్ల్యూఎం వల్ల మిగిలింది మెమరీ, సుమారు 200 ఎంబీ, దాన్ని క్రోమియం బ్రౌజర్ రెండు మూడు ట్యాబుల్లో మింగేస్తుంది. టక్కున వస్తుందన్న మెనూ కూడా అప్పుడు కొంచెం ఆలోచిస్తుంది. వైఫై, సౌండ్ గుర్తులు మనమే పెట్టుకోవాలి.

4 జీబీ బోర్డు ఉండుంటే నేను మారేవాణ్నే కాదేమో. వేలిముద్ర మెషీన్ రాస్ప్‌బెర్రీ పైతో కుదరక పాత ల్యాప్‌టాప్ మీదే నడుస్తోంది, కరెంటు పోగానే ముందు దాన్ని మూసేస్తా. సీలింగ్ ఫ్యాను ఒక్కటే 70 వాట్ల దాకా లాగుతుంది, మే నెలలో దాన్ని ఆపమంటే మాత్రం నా వల్ల కాదు.